కంప్యూటర్ ఒకటి, మనిషి ఇంకొకటి చెప్పినప్పుడు ఎవరి మాట వినాలి: నేను చేసే పద్ధతి

ఒక స్ప్రెడ్‌షీట్ వల్ల నాకు ఈ పిచ్చి పట్టింది. ఆఫీసులో ఏ పనికి ఎన్ని రోజులు పడుతుందో అంచనా వెయ్యడానికి పాత పనుల డేటాతో ఒక చిన్న మోడల్ చేసుకున్నాం, మా టీమ్‌లో బాగా అనుభవం ఉన్న ఒకాయన కూడా విడిగా తన అంచనా చెప్పేవారు. మోడల్ మూడోసారో నాలుగోసారో ఘోరంగా తప్పింది, పది రోజులన్న పని నెల పట్టింది, అంతే, ఆ రోజు నుంచి దాని మొహం ఎవరూ చూడలేదు. ఆయన అంచనాలూ తప్పేవి, కానీ అప్పుడు మాత్రం "ఈసారి అవతలివాళ్ళు లేట్ చేశారు" అనో "అదెవరు ఊహిస్తారు" అనో ఆయన తరఫున మేమే సర్దిచెప్పుకునేవాళ్ళం. డేటా దానంతటదే వచ్చి పడుతోంది కాబట్టి మోడల్ మాత్రం తన మానాన తను లెక్కలు వేస్తూనే ఉంది. చాలా నెలల తర్వాత వేరే పని మీద ఆ ఫైల్ తెరిచి, రెండు అంచనాల్నీ, అసలు పట్టిన రోజుల్నీ ఊరికే పక్కపక్కన పెట్టి చూశా, మోడలే ఎక్కువసార్లు దగ్గరగా ఉంది. మేం ఇన్నాళ్ళూ తూచింది సలహాని కాదు, సలహా ఇచ్చినవాళ్ళ మొహాన్ని అని అప్పుడు అర్థమైంది.

అప్పటి నుంచి దీని మీద జరిగిన పరిశోధన కాస్త చదివి, నాకోసం ఒక పద్ధతి పెట్టుకున్నా. అదే ఇక్కడ రాస్తున్నా. పెద్ద పెద్ద కంపెనీలకే కాదు, మ్యాప్ చెప్పిన దారిలో వెళ్ళాలా పక్కన కూర్చున్నవాళ్ళు చెప్పిన దారిలో వెళ్ళాలా అన్నంత చిన్న విషయానికి కూడా పనికొస్తుంది, అయితే అంత చిన్నదానికి ఇంత తతంగం అక్కర్లేదు లెండి.

ముందు మీ జవాబు రాసుకోండి, తర్వాతే అడగండి

సలహా ఎవరిదైనా సరే, వినే ముందు మీదంటూ ఒక జవాబు రాసి పెట్టుకోండి. మనసులో అనుకుంటే చాలదు, రాయాలి, ఎందుకంటే సలహా ఒకసారి చెవిన పడ్డాక "నేనూ ఇదే అనుకున్నా" అని మన మనసు మనకే అబద్ధం చెప్పేస్తుంది. అంకె అయితే అంకె రాయండి, అవును కాదు లాంటిదైతే పదికి ఎంత నమ్మకంగా ఉన్నారో కూడా పక్కన రాయండి.

పరిశోధకులు కూడా ఇదే చేస్తారు. ముందు మీ చేత ఒక అంచనా చెప్పిస్తారు, తర్వాత సలహా చూపిస్తారు, ఆ తర్వాత చివరి మాట అడిగి, మీరు ఎంత జరిగారో కొలుస్తారు. గాజు సీసాలో గోళీలెన్ని అంటే మీరు 200 అన్నారు, సలహా 300 అంది, చివరికి మీరు 230 దగ్గర ఆగారు అనుకోండి, వందలో ముప్పై జరిగారు కాబట్టి ఆ సలహాకి మీరిచ్చిన బరువు 0.3. అసలు పట్టించుకోకపోతే సున్నా, పూర్తిగా ఒప్పేసుకుంటే 1. 1990ల నుంచి జరిగిన ఇలాంటి ప్రయోగాల్లో జనం మామూలుగా జరిగేది 20 నుంచి 30 శాతం దాకానే, అక్కడే బిగుసుకుపోతారు. రెండు అంచనాల్నీ కలిపి సగం చేసుకుంటే చాలాసార్లు తప్పు తగ్గేది, అయినా చెయ్యరు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అని ఊరికే అనలేదు. దీనికి ఒక మంచి వివరణ ఉంది: నా అంచనా వెనకున్న కారణాలన్నీ నాకు కనిపిస్తాయి, ఎదుటివాళ్ళ కారణాలు నాకు కనిపించవు, అందుకని నాది బరువుగా, వాళ్ళది తేలికగా అనిపిస్తుంది.

మీరూ ఒక పదిసార్లు ఈ లెక్క వేసుకుని చూడండి, మనుషులిచ్చిన సలహాలకి విడిగా, యాప్ గానీ మోడల్ గానీ ఇచ్చినవాటికి విడిగా. రెండు సగటుల మధ్య తేడా కనిపిస్తే మీ మొగ్గు ఎటో మీకే తెలిసిపోతుంది. నాకైతే మనుషుల దగ్గర ఎక్కువ జరుగుతున్నానని తెలిసింది, అందులోనూ గట్టిగా మాట్లాడే మనుషుల దగ్గర, అది ఇంకో రోగం.

ఇంకొక చిన్న సంగతి. 2021లో వచ్చిన ఒక ప్రయోగంలో, ఏఐ సలహాని వెంటనే చూపించకుండా ముందు మనిషి చేత ఆలోచింపజేసే రకరకాల ఏర్పాట్లు చేసి చూశారు. తప్పు సలహాని గుడ్డిగా ఒప్పేసుకోవడం తగ్గింది, కానీ వాడినవాళ్ళకి ఆ ఏర్పాట్లే అన్నిటికంటే తక్కువ నచ్చాయి. కాబట్టి ముందు రాసుకోవడం మీకు విసుగ్గా ఉంటే కంగారుపడకండి, అది అందరికీ విసుగే.

ఒక్క తప్పుకే వదిలెయ్యకండి

మా స్ప్రెడ్‌షీట్‌కి జరిగింది మా ఒక్కళ్ళ గోల కాదని తర్వాత తెలిసింది. 2015లో డైట్‌వోర్స్ట్, సిమన్స్, మాసీ అని ముగ్గురు కలిసి సరిగ్గా ఇదే పరీక్షించారు. ఎంబీఏలో చేరబోయే విద్యార్థులు ఎలా రాణిస్తారో అంచనా వెయ్యాలి, ఒక మోడల్ ఉంటుంది, మనిషి అంచనా ఉంటుంది, ఏదో ఒకదాని మీద పందెం కట్టాలి. మోడల్ పనితనం ముందుగా చూడనివాళ్ళు బాగానే దాని మీద కట్టారు. చూసినవాళ్ళు వెనక్కి తగ్గారు, మోడల్ మనిషి కంటే బాగా చేసిందని కళ్ళారా చూసినవాళ్ళు కూడా తగ్గారు, ఎందుకంటే బాగా చెయ్యడంతో పాటు తప్పులు చెయ్యడం కూడా చూశారు కదా. అదే తప్పు మనిషి చేస్తే నమ్మకం అంత తొందరగా పోదు. యంత్రం అంటే తప్పకూడదు అని మన మనసులో ఎక్కడో ఉంది, మనిషి అయితే నేర్చుకుంటాడులే, ఈసారి సరిచేసుకుంటాడులే అనుకుంటాం.

అలాగని మనుషులకి కంప్యూటర్ అంటే ఎప్పుడూ పడదు అనుకుంటే అదీ తప్పే. 2019లో జెన్నిఫర్ లాగ్, ఇంకో ఇద్దరు చేసిన పనిలో దీనికి ఉల్టా వచ్చింది. ఫోటో చూసి మనిషి బరువెంతో చెప్పడం, పాటల చార్టులో ఏ పాట ఏ ర్యాంకులో ఉంటుందో చెప్పడం లాంటివాటిలో ఒకే సలహాని కొందరికి మనుషులిచ్చిందని, కొందరికి అల్గారిథమ్, అంటే కంప్యూటర్ లెక్కల పద్ధతి, ఇచ్చిందని చెప్పారు. అల్గారిథమ్ అన్నప్పుడే మామూలు జనం ఎక్కువ జరిగారు. జరగనిది ఎవరయ్యా అంటే నిపుణులు. జాతీయ భద్రతలో అంచనాలు వెయ్యడమే వృత్తిగా ఉన్నవాళ్ళు అల్గారిథమ్ సలహాని పక్కన పెట్టేశారు, దాంతో వాళ్ళ అంచనాలే దెబ్బతిన్నాయి. ఈ రెండు పరిశోధనలూ కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి గానీ నాకు అలా అనిపించలేదు. తప్పు కళ్ళపడక ముందు యంత్రం మీద మోజు, కళ్ళపడ్డాక కోపం, మధ్యలో నాకు తెలుసులే అనే ధీమా ఉంటే మొదట్నుంచీ చిన్నచూపు. మీరు ఈ మూడిట్లో ఎక్కడున్నారో చూసుకోండి, ముఖ్యంగా మీకు బాగా తెలిసిన పని అయితే.

మరి చెయ్యాల్సిందేంటంటే, తప్పు జరిగిన వెంటనే నిర్ణయం తీసుకోకండి. "దీన్ని ఇక వాడొద్దు" అని నోట్లోంచి వచ్చేటప్పుడు ఒక్కటే ప్రశ్న వేసుకోండి, దీన్ని వదిలేస్తే దీని బదులు ఎవర్ని అడుగుతాను, వాళ్ళు గత ఇరవై సార్లలో ఎన్నిసార్లు తప్పారు. వాళ్ళ లెక్క మీ దగ్గర లేకపోతే మీరు పోల్చింది యంత్రాన్నీ మనిషినీ కాదు, తప్పు చేసిన యంత్రాన్నీ ఎప్పుడూ తప్పు చెయ్యని ఊహల మనిషినీ. మేం చేసింది అదే.

లేబుల్ తీసేసి చూడటం ఇంకో మార్గం. షేర్ల ధరల మీద ఒకే అంచనాని నిపుణుడిదని చెబితే ఎక్కువ, గణాంక పద్ధతి నుంచి వచ్చిందని చెబితే తక్కువ జరిగారని 2009 నాటి ఒక పరిశోధన చెప్పింది, అంకె అదే, మారింది పేరొక్కటే. టీమ్‌లో పనిచేసేవాళ్ళకి ఇది తేలిక, ఒకళ్ళు సలహాలన్నీ సేకరించి ఏది ఎవరిదో చెప్పకుండా "ఎ, బి, సి" అని పెట్టి మిగతావాళ్ళకి ఇస్తే సరి.

కాలు విరిగిన కేసు

ఇది కాస్త నిదానంగా చదవండి, జనం ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

1954లో పాల్ మీల్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఒక చిన్న పుస్తకం రాశాడు. డాక్టర్లూ సైకాలజిస్టులూ తమ అనుభవంతో వేసే అంచనాల్నీ, అదే సమాచారాన్ని ఒక ఫార్ములాలో పెడితే వచ్చే అంచనాల్నీ పోల్చాడు, ఫార్ములానే మెరుగ్గా ఉంది లేదా సమానంగా ఉంది. వృత్తిలో ఉన్నవాళ్ళకి ఎంత మండి ఉంటుందో ఊహించుకోవచ్చు. తర్వాత 2000లో 136 అధ్యయనాల్ని కలిపి చూశారు, సగటున ఫార్ములా ఒక పది శాతం మెరుగు, మనిషి స్పష్టంగా గెలిచినవి చాలా కొద్ది. ఈ ఫార్ములాలు ఇప్పటి ఏఐ లాంటి మహా గొప్పవేం కాదు, నాలుగు అంకెల్ని కలిపే రకం. వాటి బలమంతా ఒక్కటే, అవి ఒకే సమాచారానికి ఎప్పుడూ ఒకే జవాబు ఇస్తాయి, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి చెప్పవు, మూడ్ బాలేదని మారవు.

కానీ ఆ పాల్ మీల్ తనే ఇంకో మాట కూడా అన్నాడు. ఒక మనిషి ఫలానా రోజు సినిమాకి వెళ్ళే అవకాశం ఎక్కువని ఫార్ములా చెప్పిందనుకోండి. ఆయనకి కాలు విరిగి కట్టుతో మంచం మీద ఉన్నాడని మీకు తెలుసు. ఇక ఫార్ములాతో పనేముంది, దాన్ని పక్కన పెట్టాల్సిందే. యంత్రానికి అందని, మీకు మాత్రమే తెలిసిన, ఫలితాన్ని తిరగేసేంత బలమైన విషయం ఒకటుంటే మీ మాటే నెగ్గాలి.

బాధేంటంటే ఈ ఉదాహరణ తెలిశాక అందరికీ ప్రతిచోటా విరిగిన కాళ్ళే కనిపిస్తాయి. "ఇది మామూలు కేసు కాదండీ, ఇందులో ఒక ప్రత్యేకత ఉంది" అని ప్రతి కేసుకీ అనేవాళ్ళని నేను చూశా, నేనూ అన్నా. అందుకని నేను పెట్టుకున్న నియమం ఇది: యంత్రం చెప్పినదాన్ని కాదనాలంటే కారణం ఒక్క వాక్యంలో రాయాలి, ఆ కారణం మూడు పరీక్షలు దాటాలి. యంత్రానికి ఆ సంగతి నిజంగా తెలియదా, లేక ఇప్పటికే లెక్కలో ఉందా. అది విరిగిన కాలు లాంటి ఖాయమైన విషయమా, లేక "నాకెందుకో అనిపిస్తోంది" రకమా. ఆ సంగతి ఇంకొకళ్ళకి చూపిస్తే వాళ్ళకీ కనిపిస్తుందా. మూడిట్లో ఒక్కటి ఆగిపోయినా ఆ రోజుకి యంత్రం మాటే. నెలకోసారి ఈ వాక్యాలన్నీ తీసి ఎన్ని నిజంగా విరిగిన కాళ్ళో, ఎన్ని ఉత్త బెణుకులో లెక్కపెట్టుకుంటా, మొదటి రెండు నెలలూ నావి చాలావరకు బెణుకులే.

ఇదంతా అంచనాకి ఫలితం తొందరగా తెలిసే పనులకి, పాత కేసులు బోలెడు ఉన్న పనులకి. జీవితంలో ఒక్కసారే వచ్చే నిర్ణయానికి, ఇదివరకు ఎవరూ చూడని పరిస్థితికి పాత డేటా ఏం చెబుతుంది, అక్కడ మోడల్ ఇచ్చే అంకె కూడా ఒక మనిషి అభిప్రాయం లాంటిదే, మహా అయితే బాగా టైప్ చేసిన అభిప్రాయం.

ఇది మనసుకి సంబంధించింది, మెషీన్‌కేం తెలుసు అనిపిస్తే

ఈ మాట వచ్చినప్పుడు కూడా ఒకసారి ఆగండి. లెక్కల పని అనుకుంటే అల్గారిథమ్‌ని నమ్మడం, అభిరుచి పని అనుకుంటే నమ్మకపోవడం జనానికి అలవాటు. కానీ 2019లో ఒక సరదా పరిశోధన వచ్చింది, ఒక మనిషికి ఏ జోకులు నవ్వు తెప్పిస్తాయో ముందే చెప్పాలి. అల్గారిథమ్ ఆ పనిలో ముక్కూమొహం తెలియనివాళ్ళనే కాదు, స్నేహితుల్ని, భార్యాభర్తల్ని కూడా దాటేసింది. అయినా జనానికి సలహా మనిషి నుంచే కావాలి, ఎందుకంటే అది ఎలా పనిచేస్తుందో వాళ్ళకి అర్థం కాలేదు, కాస్త వివరించి చెబితే వాళ్ళ అయిష్టం కొంత తగ్గింది.

వైద్యంలో ఇంకో రకం. అంతే కచ్చితంగా చెబుతుందన్నా సరే కంప్యూటర్ కంటే డాక్టర్ దగ్గరికే వెళ్తామన్నారు జనం, "నా కేసు వేరు, అది నన్ను అందరిలో కలిపేస్తుంది" అన్న భయం దీనికి ఒక ముఖ్య కారణమని ఆ పరిశోధకులు తేల్చారు. ఆ భయం మీకు వస్తే దాన్ని ప్రశ్నగా మార్చండి: నా గురించి ఏ ఏ సంగతులు లెక్కలోకి తీసుకుంది, ఏది తీసుకోలేదు. డాక్టర్ని కూడా ఇదే అడగండి. ఎదురుగా మనిషి ఉన్నంత మాత్రాన మన ప్రత్యేకతలన్నీ గమనించేశారని కాదు, కానీ అడిగితే మనిషి అప్పటికప్పుడు మళ్ళీ ఆలోచించగలరు, ఆ తేడా నిజమే.

నమ్మకం ఎక్కువైనప్పుడు

ఇంతవరకు చదివితే నేను కంప్యూటర్ పార్టీ అనుకుంటారేమో. అలా ఏం లేదు, అటువైపు గొయ్యి ఇంకా లోతు.

1995 జూన్‌లో రాయల్ మెజెస్టీ అనే ప్రయాణికుల ఓడ బెర్ముడా నుంచి బోస్టన్‌కి బయల్దేరింది. బయల్దేరిన కాసేపటికే జీపీఎస్ యాంటెన్నా కేబుల్ ఊడిపోయింది. సిగ్నల్ లేకపోయేసరికి ఆ పరికరం వేగం, దిశ చూసుకుని తనే స్థానం ఊహించడం మొదలుపెట్టింది, తెరమీద చిన్న అక్షరాల్లో ఆ సంగతి చూపించింది కూడా, ఎవరూ గమనించలేదు. 34 గంటలు అలాగే నడిచింది. ఓడలకి దారి తెలియడానికి నీళ్ళ మీద ఉంచే తేలుడు గుర్తు ఒకటి కనిపించాల్సిన చోట కనిపించకపోయినా ఒక అధికారి కనిపించిందనే చెప్పాడు, జీపీఎస్ సరైన దారిలోనే ఉన్నామంటోంది కదా మరి. చివరికి దాదాపు 17 మైళ్ళు పక్కకి జరిగి నాంటకెట్ దీవి దగ్గర ఇసుక మేట ఎక్కింది. అదృష్టం బాగుండి ఎవరూ చనిపోలేదు. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టు అంటామే, అచ్చం అది.

ఇందులో రెండు రకాల తప్పులున్నాయి, విడివిడిగా పట్టుకోవాలి. యంత్రం తప్పు చెబితే దాన్ని చేసెయ్యడం ఒకటి. యంత్రం ఏమీ చెప్పలేదు కాబట్టి ఏమీ జరగలేదనుకోవడం రెండోది, అలారం మోగకపోతే అంతా బాగున్నట్టే అనుకోవడం. రెండోదే ప్రమాదం, ఎందుకంటే అనుమానం రావడానికి ఎదురుగా ఏమీ ఉండదు. దీనికి నేను చేసేది, ఏ యంత్రం మీద ఆధారపడినా దానితో ఏ సంబంధమూ లేని ఇంకో ఆధారం ఒకటి పెట్టుకుని, అనుమానం ఉన్నా లేకపోయినా ఫలానా సమయానికి చూసి తీరడం. ఆ ఓడలో కూడా స్థానం చెప్పే వేరే పరికరం ఉంది, చూసినవాళ్ళు లేరు.

ఎవరి మాట నెగ్గాలో గొడవ రాక ముందే రాసిపెట్టండి

2002 జూలై 1 రాత్రి జర్మనీలో యూబర్‌లింగెన్ ఊరి మీద రెండు విమానాలు గుద్దుకున్నాయి. ఒకటి ప్రయాణికులున్న టుపొలెవ్, ఇంకోటి సరుకు మోసే బోయింగ్. రెండిట్లోనూ ఎదురుగా వచ్చే విమానాన్ని గుర్తించి పైకి వెళ్ళు, కిందికి దిగు అని చెప్పే టీకాస్ అనే కంప్యూటర్ ఉంది. టుపొలెవ్‌లో అది పైకి వెళ్ళమంది, నేల మీదున్న కంట్రోలర్ కిందికి దిగమన్నాడు. పైలట్లు మనిషి మాట విన్నారు. బోయింగ్ పైలట్లు తమ కంప్యూటర్ చెప్పినట్టు కిందికి దిగారు. రెండూ దిగుతూ వచ్చి కలుసుకున్నాయి, 71 మంది పోయారు.

దీన్ని మనిషి మాట విన్నందుకు జరిగింది అని ఒక్క ముక్కలో తేల్చెయ్యడం నాకు నచ్చదు. ఒకళ్ళు మనిషిని, ఒకళ్ళు యంత్రాన్ని విన్నారు, దెబ్బ అక్కడ తగిలింది, ఇద్దరూ టీకాస్‌నే విని ఉంటే ఒకటి పైకి, ఒకటి కిందికి పోయేవి. రెండూ వేరేవేరు చెబితే ఏది నెగ్గాలో అప్పటి నియమాల్లోనూ మాన్యువల్స్‌లోనూ తిరుగులేకుండా లేదు. తర్వాత నియమం స్పష్టంగా మార్చారు, టీకాస్ చెబితే కంట్రోలర్ మాటకి విరుద్ధమైనా టీకాస్‌నే పాటించాలి.

మన పనులు అంత ప్రాణాంతకం కాకపోవచ్చు, కానీ కొన్ని సెకన్లలోనో ఒత్తిడిలోనో తేల్చాల్సినవి ఉంటే "అప్పుడు చూసుకుందాంలే" అనకండి. తీరిగ్గా ఉన్నప్పుడు కూర్చుని, ఈ పనిలో రెండూ కొట్టుకుంటే ఇది నెగ్గుతుంది, ఈ ఒక్క పరిస్థితిలో తప్ప, అని రాసుకోండి, ఆ పనిలో ఉన్న అందరి దగ్గరా అదే కాగితం ఉండాలి.

చాట్‌బాట్‌ల సంగతి

పైన చెప్పిన ఫార్ములాలూ, మ్యాప్‌లూ అంకెలు చెప్పే రకం. ఇప్పుడు వచ్చినవి మాటలు చెప్పే రకం, మనిషికీ యంత్రానికీ మధ్య గీత మన బుర్రలో ఇక్కడే చెరిగిపోతుంది. ఇది కొత్తేం కాదు, 1966లో ఎంఐటీలో వైజెన్‌బామ్ చేసిన ఎలైజా అనే ప్రోగ్రామ్ మనం అన్నదాన్నే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప ఏమీ చేసేది కాదు, అయినా అది తయారవడం చూసిన ఆయన సెక్రటరీయే దాంతో కాసేపు మాట్లాడి, మీరు కొంచెం బయటికెళ్తారా అందట ఆయన్ని.

మనిషి తడబడితే, ఆగి ఆలోచిస్తే, మనకి అనుమానించడానికి ఒక సూచన దొరుకుతుంది. చాట్‌బాట్ ఒప్పైనా తప్పైనా ఒకే గొంతుతో చెబుతుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పుల్ని కోర్టు కాగితాల్లో పెట్టారు, ఆ తీర్పులు అసలు లేనే లేవు, 5,000 డాలర్ల జరిమానా పడింది. ఇందులో నాకు బాగా గుర్తుండిపోయింది ఏంటంటే వాళ్ళలో ఒకాయన ఇవి నిజమైన కేసులేనా అని అడిగాడు కూడా, కానీ అడిగింది చాట్‌జీపీటీనే. అది నిజమేనంది. చెప్పినవాళ్ళనే నిజమా అని అడగడం సరిచూసుకోవడం అవ్వదు, వేరే దారిన వెళ్ళి చూడాలి.

ఇంకోటి, మీ అభిప్రాయం ముందే చెప్పి అడగకండి. "నేను ఉద్యోగం మారదామనుకుంటున్నా, మంచిదే కదా" అంటే మంచిదేనని చెప్పే గుణం వీటికి ఎక్కువ. విషయం మాత్రం చెప్పండి, మీరెటు మొగ్గుతున్నారో దాచండి, తర్వాత కొత్తగా ఇంకో చాట్ తెరిచి వ్యతిరేకం వైపు నుంచి అడగండి, రెండు జవాబులూ మీకు వంతపాడుతుంటే ఆ సలహా బరువు సున్నా. అన్నట్టు మొహమాటస్తులైన స్నేహితులతో కూడా ఇలాగే చెయ్యొచ్చు.

ఇద్దరినీ అడిగితే ఇంకా మంచిది కదా

అలా అనిపిస్తుంది, ఎప్పుడూ నిజం కాదు. 2024లో 106 ప్రయోగాల్ని కలిపి చూస్తే మనిషి, ఏఐ కలిసి చేసిన జోడీ సగటున ఆ ఇద్దరిలో మెరుగైనవాళ్ళ కంటే తక్కువ చేసింది. ముఖ్యంగా ఏదో ఒకటి ఎంచుకునే నిర్ణయాల్లో నష్టం, ఏదైనా కొత్తగా తయారుచేసే పనుల్లో లాభం కనిపించింది. మనిషి ఆ పనిలో ఏఐ కంటే బాగా చేసేవాడైతే జోడీ లాభపడింది, ఏఐ మెరుగైన చోట మనిషి చెయ్యి పెట్టి చెడగొట్టాడు. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది, ఎక్కడ ఎవరు మెరుగో తెలియకపోతే ఎప్పుడు వినాలో ఎప్పుడు కాదనాలో కూడా తెలియదు కదా. కాబట్టి రెండు సలహాలు తీసుకున్నాను అనే తృప్తి దగ్గర ఆగిపోవద్దు, ఈ రకం పనిలో ఎవరి రికార్డు బాగుందో చూసి వాళ్ళకి ఎక్కువ బరువివ్వండి, ఎవరి రికార్డూ తెలియకపోతే సగం సగం.

మీరు సలహా తీసుకునేవైపు కాకుండా, టీమ్ చేత ఒక మోడల్ వాడించాల్సినవైపు ఉంటే ఒక చిట్కా. ఇందాక చెప్పిన డైట్‌వోర్స్ట్, సిమన్స్, మాసీలే తర్వాత ఇంకో పని చేశారు, మోడల్ అంచనాని మీరు కొద్దిగా మార్చుకోవచ్చు అని చెబితే జనం దాన్ని వాడటానికి బాగా ఒప్పుకున్నారు, ఆ కొద్దిగా అనేది పది పాయింట్లయినా రెండు పాయింట్లయినా పెద్ద తేడా లేదు. స్టీరింగ్ మీద కాస్త చెయ్యి ఉంటే చాలన్నమాట. మేం మా షీట్‌కి మళ్ళీ ప్రాణం పోసింది ఇలాగే, ఎవరైనా రెండు రోజులు అటూ ఇటూ మార్చొచ్చు, కారణం రాస్తే చాలు అన్నాం. మొదట్లో అందరూ మార్చారు, తర్వాత బద్ధకమేసి మానేశారు.

నిర్ణయం వేరేవాళ్ళ మీద పడేటప్పుడు

ఇది మాత్రం నేను రాజీపడను. బ్రిటన్ పోస్టాఫీసుల్లో 1999 నుంచి హొరైజన్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టారు, లెక్కల్లో నిజానికి లేని లోటుని అది ఉన్నట్టు చూపించింది, శాఖలు నడిపే మామూలు మనుషులు డబ్బు తిన్నారని 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. కంప్యూటర్ సరిగ్గానే పనిచేస్తోందని ముందే అనుకోవడం అక్కడి చట్టంలోనే ఉంది, కాదని చూపించాల్సిన భారం నిందపడ్డ మనిషి మీదే పడేది, వాళ్ళ చేతికి ఆ సిస్టమ్ లోపలి రికార్డులు వచ్చేవి కావు. చివరికి ఆ శిక్షల్ని కొట్టెయ్యడానికి 2024లో ప్రత్యేకంగా చట్టం చెయ్యాల్సి వచ్చింది.

కాబట్టి మీ నిర్ణయం వల్ల ఇంకొకళ్ళ ఉద్యోగమో పేరో పోయేలా ఉంటే, యంత్రం రికార్డు ఎంత బాగున్నా సరే, ఆ మనిషికి ఆధారం చూపించి, నీ మాటేంటి అని అడిగాకే ముందుకెళ్ళండి. "సిస్టమ్ చూపిస్తోంది" అనేది కారణం కాదు, ఆ సిస్టమ్‌కి ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగితే అది కారణం. మనిషి సలహా మీద ఆధారపడ్డప్పుడు కూడా ఇదే గానీ, అక్కడ కనీసం ఆ మనిషిని పిలిచి నిలదీయొచ్చు.

నోట్‌బుక్

ఇంతా చేసి కావాల్సింది ఒక నోట్‌బుక్. తేదీ, ప్రశ్న, నా మొదటి జవాబు, ఎవరు ఏమన్నారు, నా చివరి జవాబు, కాదంటే ఎందుకు కాదన్నానో ఒక వాక్యం, చివర్న ఖాళీ గడి ఒకటి, నిజంగా ఏం జరిగిందో తెలిశాక నింపడానికి. ఆ ఖాళీ గడి నింపడం మర్చిపోతారు, నేనూ మర్చిపోయేవాణ్ణి, అందుకే రాసేటప్పుడే ఫలితం ఏ తేదీకి తెలుస్తుందో కూడా రాసి ఫోన్‌లో రిమైండర్ పెట్టేస్తా. ఒకే రకం ప్రశ్నలు ఒక పేజీలో ఉండేలా చూసుకోండి, పని రోజుల అంచనాల్నీ ఆరోగ్యం ప్రశ్నల్నీ కలిపేస్తే ఎవరు ఎందులో మెరుగో తెలియదు. ఐదారు ఎంట్రీలకే తీర్పు చెప్పెయ్యకండి, కనీసం ఇరవై ముప్పై రానివ్వండి.

నా నోట్‌బుక్‌లో పని రోజుల పేజీలో మోడలే ముందుంది. కొత్త రకం పనుల పేజీలో మాత్రం ఆయనే ముందున్నారు, అందుకని ఇప్పుడు ఇదివరకు చేసిన రకం పని వస్తే షీట్ తెరుస్తాం, ఎన్నడూ చెయ్యనిది వస్తే ఆయన దగ్గరికి వెళ్తాం. ఆయనకి ఈ లెక్క చూపిస్తే ఒకసారి నవ్వి, ఆ కొత్త పనుల పేజీ ఒకటి ప్రింట్ తీసివ్వమన్నారు.